లాభమునకు స్వదేశము, నేరమునకు పరదేశము

లాభమును లెక్కించునపుడు కంపెనీ యొక్కటి. నష్టమును చెల్లింపవలసినపుడు కంపెనీలు రెండు. ఈ విపరీత గణితమును మన దేశమునకు నేర్పినవారు బహుళజాతి సంస్థలవారు. అంగడివీథిలో వారి పేరొక్కటి, ముద్ర యొక్కటి, వార్షిక నివేదికలో ఆదాయ మొక్కటి. విషవాయువు వెలువడిననాడు, చిట్టాలు కల్ల చిట్టాలని బయటపడిననాడు మాత్రము, "అది మేము కాము, ఆ దేశమున రిజిస్టరైన వేరొక సంస్థ యది, దాని పాపము దానిది" అని వారి న్యాయవాదులు రెండు దేశముల న్యాయస్థానములలో రెండు నాలుకలతో వాదింతురు. తల్లి యొక దేశమున, పిల్ల యొక దేశమున నుండుటలో తప్పులేదు. పిల్ల సంపాదన నెల్ల తల్లి కొంగున ముడివేసికొని, పిల్ల అప్పులవాండ్రు వచ్చినపుడు తలుపు మూసికొనుట తప్పు.

గడ్డిఅన్నారమునుండి దిలుసుఖ్‌నగరము మీదుగా లాల్‌బహదూర్ నగరమువరకు నడచిపోవు మన చదువరులకు ఈ సంస్థల పేరులు క్రొత్తవి కావు. దారి పొడవునను కొరియా దేశపు ఫ్రిజ్జులు, టెలివిజనులు అమ్ము దుకాణములు. వాని మీది యంతస్తులలో అమెరికా కంపెనీల కొలువులకై కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు. నల్లగొండనుండి, మహబూబ్‌నగరమునుండి, కోస్తా జిల్లాలనుండి వచ్చిన యువకులు ఇరుకు హాస్టళ్లలో తలదాచుకొని ఆ కొలువులకై రేయింబవళ్లు శ్రమించుచుందురు. వారి యాశలను మేము పరిహసింపము. పరదేశపు పెట్టుబడి యెల్ల పాపమనియు అనము. కాని యొక సంస్థను ఉద్యోగమిచ్చు దాతగను, వస్తువు నమ్ము వర్తకునిగను మాత్రమే యెరిగి, పొరుగువానిగా దాని నడవడి యెట్టిదో విచారింపకుండుట పౌరునకు తగదు. ఆ నడవడిని చూడగోరువారు విశాఖపట్టణపు గోపాలపట్టణమునకు చేరువనున్న ఆర్.ఆర్. వెంకటాపురమునకు పోవలెను.

అక్కడి కర్మాగారము 1961లో హిందుస్థాన్ పాలిమర్సు అను పేర పుట్టినది. పిమ్మట చేతులు మారి, 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్జీ కెమ్ సంస్థ వశమై, ఎల్జీ పాలిమర్సు ఇండియా యైనది. మన దుకాణములలోని ఫ్రిజ్జు మీద నున్న ముద్రయు, ఆ కర్మాగారపు గోడ మీద నున్న ముద్రయు నొకే కుటుంబమునకు చెందినవి. 2020 మే 7వ తేది తెల్లవారుజామున మూడుగంటల వేళ ఆ కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి బయటపడి నిద్రించుచున్న పల్లెను క్రమ్ముకొనెను. లేచి పరుగెత్తినవారు పరుగెత్తుచునే వీథిలో కూలిరి. పండ్రెండుగురు మరణించిరి, వారిలో పసివారును గలరు. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులు కట్టుకొయ్యలవద్దనే ప్రాణములు విడిచినవి.

ఇది దైవికమని చెప్పువారున్నారు. కాదు. స్టైరీన్ అనునది వేడియెక్కినచో తనలో తాను గడ్డకట్ట నారంభించి, ఆ గడ్డకట్టుటచేతనే మరింత వేడిని పుట్టించు ద్రవము. అందుచే దానిని ఎల్లప్పుడు చల్లగా నుంచి, గడ్డకట్టకుండ నిరోధక ద్రవ్యమును కలుపుచుండవలెను. ఇది ఆ పరిశ్రమలో మొదటి పాఠము. కోవిడ్ నిర్బంధముచే కర్మాగారము వారములకొలది మూతపడియుండగా తొట్టిలో సరకు నిలువయుండెను. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము 2020 జూలైలో సమర్పించిన నివేదికలో తేల్చిన దేమనగా: శీతలీకరణ చాలలేదు, నిరోధక ద్రవ్యము లేదు, తొట్టి పై పొరలలోని వేడిని కొలుచు సాధనము లేదు, ప్రమాదసూచకమైన సైరను మ్రోగించు ఏర్పాట్లు 36 చోట్ల నుండియు ఒక్కటియైనను మ్రోగలేదు. కడపటి మాటను చదువరులు మరియొకమారు చదువుదురు గాక. సైరను కొనుటకు ధనము కావలెను, అది వెచ్చించిరి. దానిని నొక్కుటకు ధన మక్కరలేదు. ఆ రాత్రి పొరుగువాని ప్రాణము జ్ఞప్తికి వచ్చిన మనుష్యుడొకడు కావలెను, వాడు లేకపోయెను.

అంతకంటె చిత్రమైనది మరియొకటి గలదు. ప్రమాదమునకు ఒక సంవత్సరము ముందు, 2019 మే నెలలో, తాను చేయుచున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తనకు లేదని ఆ కంపెనీయే ప్రమాణపత్రమున వ్రాసి యధికారులకు దాఖలు చేసియుండెను. అనగా నేరస్థుడు ముందుగానే వాఙ్మూలము నిచ్చెను. దానిని పుచ్చుకొన్న అధికారి దానిని దస్త్రమున పెట్టుకొనెను. కర్మాగారము మాత్రము నడచుచునే యుండెను. ఈ పాపములో సగపాలు మనది. కొరియావాని నొక్కనిని నిందించి మన కచేరీలను విడిచిపెట్టుట మాకు సమ్మతము కాదు.

ఇక ప్రమాదానంతర చరిత్ర. మాతృసంస్థవారు వెంటనే విచారము ప్రకటించిరి, నిపుణులను పంపిరి, ఇది నిజము, దీనిని దాచుట న్యాయము కాదు. జాతీయ హరిత ట్రిబ్యునలు మరునాడే 50 కోట్ల రూపాయలు డిపాజిటు చేయుమని ఆజ్ఞాపించెను. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము తనంత తానుగా విచారణకు పూని, కర్మాగారమును మూయించి, డైరెక్టర్లు దేశము విడిచి పోరాదని శాసించెను. ఇంతవరకు మెచ్చదగినది. రాష్ట్రప్రభుత్వము మృతుల కుటుంబములకు తలకొక కోటి రూపాయల చొప్పున ఇచ్చెను. ఆ దయను మేము కొనియాడుదుము గాని, ఒక ప్రశ్న వేయక మానము. ఆ కోటి యెవ్వరిది? ప్రజల ఖజానాది. పరదేశపు కంపెనీ తొట్టి పొంగి మన బిడ్డలు చచ్చిన, శ్రీకాకుళపు రైతును, అనంతపురపు కూలియు అగ్గిపెట్టెమీద కట్టిన పన్నుతో మొదట పరిహారము చెల్లింపబడెను!

మిగిలిన స్టైరీను గతి యేమైనది? సుమారు 13,000 టన్నుల సరకును ఓడల కెక్కించి ఆ మే నెలలోనే కొరియాకు తరలించిరి. మన ప్రభుత్వమే అట్లు శాసించినది, మంచిపనియే. కాని దీనివలన మన కొక సంగతి తెలియవచ్చినది. తల్లి పిల్లల సంబంధము సరకు విషయమున ఎంత దగ్గరిదో చూడుడు! వెంకటాపురపు తొట్టిలోని ద్రవమునకు దినములలో పుట్టినింటి దారి దొరకినది. వెంకటాపురపు వితంతువు అర్జీకి అదే దారి దొరకుటకు ఎంతకాలము పట్టినది?

పట్టినకాలము చెప్పెదము. విశాఖ ప్రమాదమునకు పండ్రెండు దినములు గడచిన పిదప, మే 19వ తేదిని, కొరియాలోనే సొసాన్ పట్టణపు ఎల్జీ కెమ్ కర్మాగారమున అగ్నిప్రమాదము జరిగి ఒక కార్మికుడు మరణించెను. మరునాడే ఎల్జీ సమూహపు అధ్యక్షుడు అచ్చటికి హెలికాప్టరులో వెళ్లి, తలవంచి క్షమాపణ చెప్పెను. ఆ క్షమాపణలో భారతదేశపు ప్రమాదమును కూడ స్మరించెనట, కృతజ్ఞులము. సొసానుకు ఒక దినము. విశాఖకో? ఎల్జీ కెమ్ ముఖ్యాధికారి బాధితులను కలిసి 120 కోట్ల రూపాయల అదనపు సహాయమును ప్రకటించినది 2024 జూలైలో. నాలుగు సంవత్సరములు! ఒక్క సంస్థయే, ఒక్క మాసముననే రెండు ప్రమాదములు. ఒకచోట ఒక మృతుడు, ఒకచోట పండ్రెండుగురు. కొరియా తల్లి కన్నీరు ఉప్పనయు, తెలుగుతల్లి కన్నీరు చప్పననియు ఏ రసాయనశాలలో పరీక్షించి తేల్చిరో మాకు తెలియదు.

కారణము మాత్రము తెలియును. మంచిచెడ్డల భేదము కాదది, ఒత్తిడి భేదము. సొసానున సంస్థ తన ప్రజల యెదుట, తన పత్రికల యెదుట, తన శాసనసభ యెదుట నిలిచియున్నది. ఆ దేశపు శాసనసభ 2021 జనవరిలో క్రొత్త చట్టమొకటి చేసెను. భద్రతను ఉపేక్షించి ప్రాణహాని కలిగించిన సంస్థల అధిపతికి కనిష్ఠము ఒక సంవత్సరము కారాగారము, లేక నూరు కోట్ల వాన్ల వరకు జరిమానా. ఆ చట్టము 2022 జనవరి 27 నుండి అమలులోనికి వచ్చెను. మన దేశమున? 1991 నాటి ప్రజాబాధ్యతా బీమా చట్టము ప్రమాదకర పరిశ్రమవలన మరణించిన మనుష్యునకు తక్షణ పరిహారముగా నిర్ణయించిన వెల 25,000 రూపాయలు. విశాఖ ప్రమాదమునాటికి ముప్పది యేండ్లు కావచ్చినను ఆ సంఖ్య మారలేదు. ఆ పైకముతో మన దిలుసుఖ్‌నగరపు దుకాణములో మంచి ఫ్రిజ్జొకటి వచ్చునో రాదో!

ఈ రెండు నాలుకల విద్యకు మూలగ్రంథము భోపాలు. 1984 డిసెంబరు 2-3 తేదీల నడుమ రాత్రి అచ్చట జరిగిన ఘోరమును మరల వర్ణింపము. వ్యవహారము నడచిన తీరునే చూచెదము. యూనియన్ కార్బైడు మాతృసంస్థ అమెరికాలోనిది. భారతీయ సంస్థలో దాని వాటా 50.9 పాళ్లు. మన ప్రభుత్వము న్యూయార్కు న్యాయస్థానమునకు పోయి దావా వేసెను. అచ్చట కార్బైడువారి వాదమేమి? భారతదేశపు న్యాయస్థానములు మిక్కిలి సమర్థములు, స్వతంత్రములు. ఈ వ్యాజ్యమునకు తగిన చోటు భారతదేశమే యని. మన ప్రభుత్వపు వాదమేమి? మా న్యాయస్థానములు జాప్యముతో కూడినవి, ఇంతటి వ్యాజ్యమునకు చాలవు అని! చదువరులారా, స్వతంత్రదేశపు ప్రభుత్వము పరదేశపు న్యాయాధిపతి యెదుట తన న్యాయపీఠమును తానే హీనముగా వర్ణించుకొనగా, విషము చిమ్మిన కంపెనీ దానిని కీర్తించిన దృశ్యమును చరిత్రలో మరెక్కడనైన చూచితిరా? 1986 మే నెలలో ఆ న్యాయాధిపతి కార్బైడు స్తోత్రమునే విశ్వసించి వ్యాజ్యమును మనకు త్రిప్పి పంపెను.

అంతగా పొగడిన న్యాయస్థానముల యెదుటికి కార్బైడువారు వచ్చిరా? 330 కోట్ల డాలర్లు కోరిన మన ప్రభుత్వము 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీపడెను. క్రిమినలు విచారణకు మాతృసంస్థ ముఖము చూపనే లేదు. ఆ సంస్థ అధ్యక్షుడు వారెన్ ఆండర్సన్ 1984 డిసెంబరు 7న భోపాలులో నిర్బంధింపబడి, ఆ దినముననే జామీనుపై విడుదలయై, ప్రభుత్వ విమానములోనే ఢిల్లీకి సాగనంపబడెను. పిమ్మట పరారీలో నున్నవాడని మన న్యాయస్థానము ప్రకటించెను. అతడు తన యింటనే యుండెను. 2010 జూన్‌లో భోపాలు న్యాయస్థానము శిక్షించినది భారతీయోద్యోగులను మాత్రమే, అదియు రెండేండ్ల కారాగారము. 2014లో ఆండర్సన్ ఫ్లారిడాలో ముదిమి తీరి మరణించెను. 2001లో కార్బైడును కొనిన డౌ కంపెనీవారు, భోపాలు బాధ్యత తమకు సంక్రమింపదని వాదించుచు వచ్చిరి. ఆ కార్బైడుపైననే అమెరికా కార్మికులు ఆస్‌బెస్టాసు రోగములకై వేసిన వ్యాజ్యములకు మాత్రము ఆ మరుసటి యేటనే కోట్లకొలది డాలర్లు వేరుగా నుంచవలసివచ్చెను. అమెరికావాని ఊపిరితిత్తులలోని దుమ్ము వారసత్వముగా సంక్రమించును. భోపాలువాని ఊపిరితిత్తులలోని విషము సంక్రమింపదు!

కార్బైడు అనిన గడ్డిఅన్నారము వారికి మరియొక జ్ఞాపకము వచ్చును. ఆ అమెరికా కంపెనీకి పేరు తెచ్చిన కాల్షియం కార్బైడు పొట్లములతోనే మన పండ్ల మార్కెట్టులో మామిడిని మాగబెట్టుచుండిరని 2015లో ఉన్నత న్యాయస్థానము తనంత తానుగా విచారణకు పూనినది. అప్పుడు విన్న సమాధానములు ఎట్టివి? వర్తకుడు రైతు నన్నాడు, రైతు దళారీ నన్నాడు, దళారీ చిల్లరవాని నన్నాడు. పండు తిన్నవాడు మాత్రము ఎవరిని అనవలెనో యెరుగడు. మార్కెట్టు ఇప్పుడు బాటసింగారమునకు తరలినది, ఆ స్థలమున ఆసుపత్రి కట్టబూనిరి. బాధ్యతను పక్కవాని బుట్టలో వేయు విద్య సముద్రముల కావలివారికే తెలిసినదని మనము విఱ్ఱవీగ నక్కరలేదు అని చెప్పుటకే యీ ప్రస్తావన. అయితే మన దళారీకి రెండు దేశముల చట్టములు, వందలకొలది న్యాయవాదులు లేరు.

పరదేశమున పెట్టుబడి, స్వదేశమున దోషము అనుకొనువారికి తలక్రిందైన దృష్టాంతము మన హైదరాబాదులోనే దొరకినది. 2009 జనవరి 7న సత్యము కంప్యూటర్సు అధ్యక్షుడు రామలింగరాజు, తన సంస్థ లెక్కలలో 7,000 కోట్ల రూపాయలకు పైబడిన కల్ల యున్నదని తానే లేఖ వ్రాసెను. సంస్థ మనది, మోసము మనది, మోసపోయినవారిలో బహుసంఖ్యాకులు మనవారు. ఆ లెక్కలపై సంతకము పెట్టినవారు ప్రపంచప్రసిద్ధమైన ప్రైస్ వాటర్‌హౌస్ పేర నడచు భారతీయ శాఖలవారు. అటుపై జరిగినది చూడుడు. న్యూయార్కు విపణిలో ఆ షేర్లు కొన్నవారు అచ్చట సామూహిక వ్యాజ్యము వేసిరి: 2011లో సత్యము 12.5 కోట్ల డాలర్లును, ఆడిటరు సంస్థలు 2.55 కోట్ల డాలర్లును చెల్లించుటకు ఒడంబడినవి. అమెరికా నియంత్రణాధికారులకు సత్యము కోటి డాలర్లు, ఆడిటరు శాఖలు 75 లక్షల డాలర్లు జరిమానా కట్టినవి. అదే షేరును బొంబాయి విపణిలో కొన్న దిలుసుఖ్‌నగరపు ఉపాధ్యాయునకు ఏమి ముట్టినది? అట్టి సామూహిక వ్యాజ్యమునకు నాడు మన చట్టములో చోటే లేదు. 2013 నాటి కంపెనీల చట్టములో చోటు కల్పించిరి. అది అమలులోనికి వచ్చునప్పటికి 2016. మన విపణి నియంత్రణ సంస్థ సెబీ తొమ్మిది యేండ్లు విచారించి, 2018 జనవరిలో ఆ ఆడిటరు కూటమిని రెండేండ్లు బహిష్కరించెను; 2019 సెప్టెంబరులో అప్పిలేటు ట్రిబ్యునలు ఆ బహిష్కారమును కొట్టివేసెను.

కావున ఎవరి దేశపు కంపెనీ యనునది ముఖ్యము కాదు. ఎవరి న్యాయస్థానపు బెత్తము పొడవైనదో వారికే చెల్లింపు. అమెరికా పౌరుడు మోసపోయిన అమెరికా బెత్తము హైదరాబాదువరకు చాచుకొని వచ్చును. హైదరాబాదు పౌరుడు మోసపోయిన మన బెత్తము నాంపల్లి దాటుటకు తొమ్మిది యేండ్లు.

ధనమునకే యిట్లు జరుగుననుకొనవద్దు. 2009లో నాటి ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలోని సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నిరోధించు టీకా వేసిరి. నడిపినది అమెరికాకు చెందిన పాత్ అను సేవాసంస్థ. మందు అమెరికా కంపెనీది. తోడ్పడినవి మన వైద్య పరిశోధనా మండలి, మన రాష్ట్రప్రభుత్వము. అనంతరము కొందరు బాలికలు మరణింపగా 2010లో ఆ కార్యక్రమమును ఆపిరి. ఆ మరణములకు టీకా కారణముగా కనబడదని విచారణ సంఘము చెప్పినది; మేమును టీకాను దూషింపము, అది అనేక దేశములలో మేలు చేయుచున్నది. మా ఫిర్యాదు సంతకమును గూర్చి. తల్లిదండ్రుల సమ్మతి యుండవలసినచోట, ఆశ్రమ పాఠశాలల బాలికలెందరికో హాస్టలు వార్డెనులు సంతకము చేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా ఖండించెను. సియాటిల్ నగరపు పాఠశాలలో వసతిగృహపు కాపలాదారు సంతకముతో పిల్లకు సూది వేయ సాహసింతురా? కోయ బాలిక తండ్రికి సంతకము రాకపోవచ్చును, వేలిముద్ర యుండదా?

ఇది నిన్న మొన్నటి వ్యాధి కాదు. 1611లో మచిలీపట్టణమున ఓడ దిగిన కంపెనీ తన జవాబును లండనులోని వాటాదారులకు చెప్పినదే గాని, కృష్ణాతీరపు నేతగానికి ఎన్నడును చెప్పలేదు. మన హైదరాబాదు చరిత్రలోనే యింకను స్పష్టమైన ఘట్టము గలదు. 1886లో నిజాము రాజ్యపు ఖనిజములను 99 సంవత్సరములు త్రవ్వుకొను హక్కు కొందరు ఆంగ్లేయులు సంపాదించి, లండనులో హైదరాబాదు దక్కను కంపెనీని స్థాపించిరి. మూలధనము పదిలక్షల పౌనులు. షేర్లలో అత్యధిక భాగము కంపెనీని పుట్టించినవారి చేతికే ధర చెల్లింపకుండ పోయినవి. పిమ్మట నిజాము ప్రభుత్వపు ఉన్నతోద్యోగి అబ్దుల్ హక్ ద్వారా ఆ షేర్లనే కొన్నింటిని నిజాము ప్రభుత్వముచేత కొనిపించిరి. తన నేల క్రింది బొగ్గుకు తానే వెల చెల్లించిన ప్రభుత్వమన్నమాట! గుట్టు బయటపడగా 1888లో విచారించినది యెవరు? బ్రిటిషు కామన్స్ సభ నియమించిన సంఘము. అబ్దుల్ హక్ పదవి పోయినది. సింగరేణి బొగ్గు మాత్రము కంపెనీ చేతనే యుండెను. ఇచ్చటి మనుష్యుడు శిక్షింపబడును, అచ్చటి సంస్థ నిలుచును. భోపాలు తీర్పులో కొత్త యేమున్నది?

ఇంతగా బిగించినచో పెట్టుబడి పారిపోవును, మన యువకుల కొలువులు పోవును అని భయపెట్టువారు గలరు. వీరిలో కొందరు సద్బుద్ధితోనే యనుచున్నారు. వారిని మేమడుగునది: కొరియాలో అధిపతిని చెరసాలకు పంపు చట్టము వచ్చిన తరువాత కొరియా కంపెనీలు కొరియాను విడిచిపోయినవా? పొగ పరీక్షలో మోసము చేయు యంత్రమును కార్లలో బిగించినందులకు 2016లో అమెరికా ఫోక్స్‌వాగెను కంపెనీచే 1,470 కోట్ల డాలర్ల మేర రాజీకి ఒప్పించెను. ఆ కంపెనీ అమెరికాలో కార్లమ్ముట మానెనా? అదే మోసమునకు మన హరిత ట్రిబ్యునలు 2019 మార్చిలో 500 కోట్ల రూపాయలు విధింపగా, సుప్రీంకోర్టుకు పోయి వసూలు నాపించుకొనిరి. వర్తకుడు విపణిని చూచి వచ్చును, లాభము చూచి యుండును. చట్టము గట్టిగా నున్న దేశమునకు జాగ్రత్తతో వచ్చును; మెత్తగా నున్న దేశమునకు అజాగ్రత్తతో వచ్చును. రెండు చోట్లకును వచ్చును.

మాతృదేశముల వారే తమ కంపెనీలను అదుపు చేయుదురు, మనకేల శ్రమ యనువారు మరికొందరు. ఫ్రాన్సు 2017లో చట్టము చేసినది, జర్మనీలో 2023 నుండి అమలులోనికి వచ్చినది. ఐరోపా సమాఖ్య 2024లో పెద్ద సంస్థలన్నిటికిని ఆదేశము జారీచేసి, మరుసటి యేటనే దానిని సడలింప పూనుకొనెను. పరుల మనస్సాక్షి వారి ఎన్నికలతోపాటు మారుచుండును. అయినను ఆ ద్వారమును విడువరాదు. 2019 ఏప్రిలులో బ్రిటిషు సుప్రీంకోర్టు, జాంబియా దేశపు గ్రామస్థులు తమ నీటిని చెడగొట్టిన గనుల మాతృసంస్థపై లండనులోనే వ్యాజ్యము నడుపవచ్చునని తీర్పిచ్చెను. ఆ మాతృసంస్థ వేదాంత. దానిని స్థాపించినవాడు భారతీయుడు. జాంబియా రైతుకు దక్కిన న్యాయమును చూచి మనము సంతోషింపవలెను; మన ధనికులు పరదేశమున చేసిన పనికి మనదేశ న్యాయస్థానమును కూడ తెరువవలెను. మనకు కావలసినది పరులకు నిరాకరించినచో వెంకటాపురమును గూర్చి మాటాడు నోరు మనకుండదు.

ప్రమాదకర పరిశ్రమ నడుపువాడు, తప్పు నిరూపింపబడనక్కరలేకయే, కలిగిన హానికి పూర్ణబాధ్యుడని మన సుప్రీంకోర్టు 1986 డిసెంబరులోనే చెప్పియున్నది. సూత్రము మన చేతిలో నున్నది. కొరతయైనది మాతృసంస్థ సంతకము. ప్రమాదకర ద్రవ్యముల నిలువచేయు ఏ విదేశీయ పుత్రికా సంస్థయైనను, అనుమతి పొందుటకు ముందే, మాతృసంస్థ పూచీకత్తును, ఇచ్చటి న్యాయస్థానముల యధికారమున కొప్పుకొను పత్రమును దాఖలు చేయవలెనని శాసనము కావలెను. పరిహారపు మొదటి రూపాయి ఖజానానుండి కాక, ముందుగా వారు కట్టిన డిపాజిటునుండి పోవలెను. అనుమతి లేదని కంపెనీయే వ్రాసియిచ్చిన కాగితమును దస్త్రములో దాచిన యధికారి పేరు బాధితుల కిచ్చు నివేదికలో అచ్చుపడవలెను. ఈ మూడింటిలో ఏదియు కొరియాను గాని అమెరికాను గాని అడిగి పుచ్చుకొనవలసినది కాదు.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ, వెంకటాపురమున్న అదే విశాఖపట్టణమున, అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో సమాచార కేంద్రమును నిర్మింతుమని ప్రకటించెను. ఇది విషవాయువుల పరిశ్రమ కాదు. దానివలన మేలే కలుగవచ్చును. అయితే నీరెంత, విద్యుత్తెంత, భూమియెంత యని విశాఖవాసులు అడుగుట న్యాయము. ప్రకటన గూగుల్ పేర వెలువడినది. రాష్ట్రప్రభుత్వ అనుమతి పొందినది రైడెన్ ఇన్ఫోటెక్ ఇండియా అను దాని పుత్రికా సంస్థ. రేపు నీటి లెక్కలలో గాని భూమి షరతులలో గాని తగవు వచ్చినచో జవాబు చెప్పువారు ఈ రెండు పేర్లలో ఎవరో, ఆ పూచీ యే కాగితముపై వ్రాయబడినదో, ఆ కాగితమును రాష్ట్రప్రభుత్వము శాసనసభ బల్లమీద పెట్టవలెనని కోరుచున్నాము.